ఇతర ఖర్చులు: 1,800 రూపాయలు



ఈసారి పోస్టు కాస్త పెద్దది. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. ట్రైలర్ బాధ్యత చూసే మేము నలుగురం కూర్చుని రాస్తున్నాం. మొన్న ఏప్రిల్‌లో సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతున్నప్పుడు ఒక అక్క లేచి, "జనవరిలో ఇతర ఖర్చులు 1,800 అని ఉంది, అదేంటి?" అని అడిగారు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, "చిల్లర మల్లర ఖర్చులే అక్కా" అని నవ్వేశాం. ఆమె కూడా నవ్వి కూర్చున్నారు. ఆ నవ్వు మా గొంతులో ఇప్పటికీ ముల్లులా ఉంది. ఆ 1,800 ఏమిటో ఈరోజు చెప్తాం. దానికి మన ట్రైలర్ స్టెప్నీ కథ మొదట్నుంచీ చెప్పాలి.

ట్రైలర్ ఎలా వచ్చిందో పాతవాళ్ళకు తెలుసు. ఉగాదికి, సంక్రాంతికి, కార్తీక వనభోజనాలకు షామియానా, కుర్చీలు, వంట పాత్రలు మొయ్యడానికి ప్రతిసారీ టాటా ఏస్ బాడుగకు పిలిచేవాళ్ళం. ఒక కేటరింగ్ ఆయన వ్యాపారం మానేస్తూ తన రెండు చక్రాల ట్రైలర్ అమ్ముతానంటే, రిజిస్ట్రేషన్ కాగితాలతో సహా కొన్నాం. మన సభ్యుడి బొలెరోకు తగిలించి లాగుతున్నాం. పండగలకే కాదు, ఎవరింట్లో అయినా జరగరానిది జరిగితే కుర్చీలు, టెంటు తీసుకుని అర్ధరాత్రి పోయేది కూడా ఆ ట్రైలరే. దాంతోపాటు ఒక స్టెప్నీ వచ్చింది. దాని గురించి ఆరోజు ఎవరమూ ఒక్క మాట అడగలేదు.

మొదటి పాఠం 2024 సెప్టెంబరులో. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో మునిగినప్పుడు మన హెబ్బగోడి నుంచి, చందాపుర నుంచి, బొమ్మసంద్ర నుంచి మీరందరూ రెండు రోజుల్లో ఎంత సామాను తెచ్చి పడేశారో గుర్తుందిగా. నీళ్ళ బాటిళ్ళ కేసులు, పాలపొడి, దుప్పట్లు, బిస్కెట్లు. మేమంతా హడావుడిలో ఉన్నాం. స్టెప్నీ ట్రైలర్ అడుగున పడుకోబెట్టి ఉంది. దాని మీదే నీళ్ళ కేసులు పేర్చేశాం. "అడుగున ఉంటే కదలదు, మంచిదే" అని మాలో ఒకాయన అన్నారు. అందరం అవునన్నాం.

రాత్రి బయల్దేరి హోస్కోట, కోలారు, ముల్బాగల్, నంగలి దాటి పలమనేరు వదిలాక, మొగిలి ఘాటుకు కొంచెం ముందు ట్రైలర్ ఎడమ చక్రం పంక్చర్ అయింది. టైం రెండు దాటింది. సన్నగా తుంపర. అప్పుడు గుర్తొచ్చింది, స్టెప్నీ అడుగున ఉందని. మొత్తం నీళ్ళ కేసులు ఒక్కొక్కటే దింపి రోడ్డు పక్కన పెట్టాం. ఇద్దరు పిల్లలు టార్చిలైట్లు ఊపుతూ రోడ్డు మీద నిలబడ్డారు. పక్కనుంచి లారీలు వెళ్తుంటే గాలికి ఒళ్ళు ఊగిపోయేది. ముప్పావు గంట తర్వాత స్టెప్నీ బయటపడింది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. గాలి లేదు. కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా పట్టించలేదు మరి.

బొలెరో స్టెప్నీ వేద్దామంటే అది ఐదు బోల్టుల చక్రం, ట్రైలర్‌ది నాలుగు బోల్టులది. ఆ సంగతి కూడా ఆ చీకట్లోనే తెలిసింది. బొలెరో వీల్ స్పానర్ కూడా ట్రైలర్ నట్లకు సరిపోలేదు.

చిత్తూరు వైపు పోయే ఒక లారీ అన్న ఆపాడు. తన లారీ ఎయిర్ బ్రేకుల ట్యాంకు నుంచి పైపు పెట్టి మన స్టెప్నీకి గాలి పట్టాడు. తన స్పానర్ ఇచ్చాడు. దింపిన సామాను చూసి, "ఎవురన్నా స్టెప్నీని సమాధి చేస్తారా సామీ?" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు నీళ్ళ బాటిళ్ళు మాత్రం పట్టుకుని, "వరదోళ్ళకి పోయే నీళ్ళా? ఇవి కూడా వాళ్ళకే ఇయ్యండి" అని తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి చేరాల్సిన వాళ్ళం మధ్యాహ్నం దాటాక చేరాం. మన నీళ్ళ కోసం ఎదురుచూసిన గల్లీ ఒకటి అన్ని గంటలు అదనంగా ఎదురుచూసింది. ఇది మీకు అప్పుడు చెప్పలేదు. "సామాను క్షేమంగా చేరింది" అని ఫోటోలు మాత్రం పెట్టాం.

స్టెప్నీ చేతికి అందాలి అన్నది ఆ రాత్రి నేర్చుకున్నాం. కానీ సగమే నేర్చుకున్నాం. ఆ సగమే రెండో తప్పుకు దారి తీసింది.

2025 జనవరి, సంక్రాంతి సంబరాలు. చందాపుర దగ్గర హాల్లో చేసుకున్నాం కదా. సామాను సర్దేటప్పుడు మేము తెలివిగా స్టెప్నీని అన్నిటికంటే పైన, వెనక తలుపు పక్కనే పెట్టాం. అవసరమైతే చెయ్యి చాపి తీసుకోవచ్చు. ఒక నైలాన్ తాడు రెండు చుట్లు చుట్టి ముడి వేశాం. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సర్వీసు రోడ్డులో ఒక హంప్ వచ్చింది. బొలెరో మెల్లగానే దాటింది. ట్రైలర్ ఖాళీ కుర్చీలతో తేలిగ్గా ఉంది కాబట్టి ఎగిరి పడింది. తాడు జారింది. చక్రం వెనక తలుపు మీదుగా దూకి రోడ్డున పడి, నిలువుగా లేచి దొర్లడం మొదలుపెట్టింది.

చక్రం దొర్లితే ఎంత దూరం పోతుందో చూసినవాళ్ళకే తెలుసు. అది తడబడదు, ఆగదు. స్కూటర్ ఆపుకుని నిలబడి ఉన్న ఒక అమ్మ, ఆమె ముందు నిలబడ్డ నాలుగైదేళ్ళ పాప. వాళ్ళకు జానెడు దూరంలోంచి పోయి, వెనకున్న కొబ్బరి బోండాల బండికి గుద్దుకుంది. బోండాలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. బండి చక్రం వంగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మేము పరిగెత్తుకెళ్ళాం. తిడుతుందనుకున్నాం. ఆమె తిట్టలేదు. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, "కట్టోకాగల్వా అణ్ణా?" అంది. కట్టడానికి కాదా అన్నా, అని. అంతే. స్కూటర్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది. మా దగ్గర జవాబు లేదు. బోండాల ఆయనకు బండి బాగుచేయించుకోవడానికి, పోయిన సరుకుకు కలిపి 1,800 ఇచ్చాం. అదే మన లెక్కల్లో "ఇతర ఖర్చులు".

దాచడానికి మాకు మేము చెప్పుకున్న కారణాలు ఇవి. ఎవరికీ ఏమీ కాలేదు కదా. పండగ పూట ఎందుకు. ట్రైలర్ అమ్మేద్దామంటారేమో. మూడూ నిజంగా అనుకున్నవే. కానీ ఆ చక్రం జానెడు పక్కకు దొర్లి ఉంటే ఈ మూడింటిలో ఒక్కటి కూడా మేము ఎవరి ముందూ చెప్పగలిగేవాళ్ళం కాదు.

మాలో ఒకాయన ఇంజనీరు. ఆయన ఆ రాత్రి నిద్రపట్టక కాగితం మీద లెక్క వేశారు. మన ట్రైలర్ చక్రం రిమ్ముతో కలిపి సుమారు 15 కిలోలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలోంచి అది ఊడితే, దానిలో ఉండే దెబ్బ దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మిద్దె మీద నుంచి, ఆ చక్రాన్ని కిందికి వదిలినంత. మనింటి మిద్దె మీద 15 కిలోల బియ్యం మూటను అంచున పెట్టి, కింద పిల్లల్ని ఆడుకోమంటామా? హోసూరు రోడ్డు మీద ఆ పనే చేశాం.

కార్లో ఉన్న స్టెప్నీ విషయమూ అంతే. కొందరు సామాను కోసం డిక్కీ కింద గుంటలోంచి స్టెప్నీ తీసి వెనక సీటు వెనకాల నిలబెడతారు. గట్టిగా బ్రేకు వేసినా, దేనికైనా గుద్దుకున్నా ఆ 15 కిలోలు బండి ఆగినా ఆగవు, ముందున్న మనుషుల మీదికే వస్తాయి. సొంతూరు పోయేటప్పుడు దయచేసి గమనించండి.

ఇక మూడో తప్పు. రెండు తప్పుల తర్వాత పట్టుదల వచ్చింది. ట్రైలర్ ముందు భాగంలో, బొలెరోకు తగిలించే త్రికోణం ఫ్రేము మీద, ఒక ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయించి రెండు బోల్టులతో స్టెప్నీని బిగించాం. చేతికి అందుతుంది. కదలదు. మెడల్ ఇవ్వాల్సిన పని అనుకున్నాం. 2025 ఆగస్టులో మన ఎల్లో లైన్ మెట్రో మొదలైంది. 10వ తేదీన ప్రారంభం, మర్నాటి నుంచి జనం ప్రయాణం. మన బయోకాన్ హెబ్బగోడి స్టేషన్ చూడ్డానికి ఇంటిల్లిపాదీ పోయాం, ఫోటోలు దిగాం. ఆ వారంలోనే ఒక ఉదయం చూస్తే ప్లేటు ఉంది, స్టెప్నీ లేదు. రెండు నట్లు విప్పడానికి రెండు నిమిషాలు చాలు. తాళం వెయ్యాలని మాకు తట్టలేదు. ఎవరినీ అనుమానించట్లేదు. వీధిలో తాళం లేకుండా పెట్టింది మేమే.

ఆ సంగతి మాత్రం గ్రూపులో పెట్టాం. మీ మంచితనం ఏమని చెప్పాలి! వారంలో ఏడు పాత టైర్లు వచ్చాయి. "మా ఇంట్లో ఊరికే పడి ఉంది, సంఘానికి వాడుకోండి" అని. ఏడింటిలో మన రిమ్ముకు సరిపోయేవి రెండే. అందులో ఒకదాని పక్క గోడ మీద చివర 1612 అని ఉంది. ఆ నాలుగంకెలు టైరు పుట్టిన తేదీ: 2012లో 16వ వారం. పైకి గాట్లు లోతుగానే ఉన్నాయి కానీ పక్కన రబ్బరు ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు ఇచ్చింది. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. ఎండ, వేడి, నూనె మరకలు, మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ గాలి దాన్ని ఇంకా త్వరగా తినేస్తాయి. ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని ఏ టైరునూ వెనక్కి పంపలేదు. షెడ్డు వెనకాల పేర్చి, చిరుగుల టార్పాలిన్ ఒకటి కప్పాం.

అక్టోబరు వానలు మీకు తెలుసు. ఒకరోజు ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త వచ్చి షెడ్డు వెనక్కి వెళ్ళింది. టార్పాలిన్ ఎత్తి, ఒక టైరు వంచి, అందులో నీళ్ళు తెల్ల మగ్గులో పోసి మాకు చూపించింది. సన్నటి పురుగులు గిలగిలా కదులుతున్నాయి. డెంగీ దోమ పిల్లలు. టైరును ఎటు తిప్పి పెట్టినా లోపలి అంచులో నీళ్ళు నిలుస్తాయి, నీడ ఉంటుంది, ఆ దోమకు అంతకంటే మంచి పురిటిల్లు లేదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్ళు ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి అంచుకు అంటుకుని బతికే ఉంటాయి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది ఊరికే కాదు. ఆ షెడ్డు పక్కనే మన పిల్లలకు ఆదివారం తెలుగు బడి నడుపుతున్నాం. మోకాళ్ళ దాకా నిక్కర్లు వేసుకుని వచ్చే పిల్లలు.

ఆరోజే నీళ్ళన్నీ పారబోసి, అంచులు బ్రష్షుతో రుద్ది కడిగాం. పనికిరాని ఆరు టైర్లు పాత టైర్లు కొనేవాళ్ళకు ఇచ్చేశాం. పంపినవాళ్ళు ఏమీ అనుకోకండి. తప్పు మీది కాదు, ఎక్కడ పెట్టాలో ఆలోచించకుండా తీసుకున్న మాది.

స్టెప్నీ అన్న మాట మన తాతల కాలం నుంచి వాడుతున్నాం. అసలు అది ఒక వీధి పేరు. 1904లో వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో, స్టెప్నీ స్ట్రీట్‌లో, డేవిస్ అనే అన్నదమ్ములు కార్లకు అదనపు చక్రం కనిపెట్టి అమ్మారు. అంతకు ముందు కార్లకు స్టెప్నీయే లేదు, పంక్చరైతే నడిరోడ్డున కూర్చుని అతుకు వేసుకోవాల్సిందే. "ఇప్పుడు కొత్త కార్లకు స్టెప్నీయే రావట్లేదు, మన ట్రైలర్‌కు ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. 2020 అక్టోబరు నుంచి ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. అది ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్, పంక్చర్ కిట్ ఉన్న ప్యాసింజర్ కార్లకు. మన ట్రైలర్‌వి ట్యూబ్ టైర్లు. సెన్సర్ అంటే వెనక కూర్చున్నవాళ్ళ చెవులే.

ఇప్పుడు ఏం చేశామో చెప్తాం. ఈసారి ఊహతో కాదు, ఒక పాత లారీ మెకానిక్ బావగారిని కూర్చోబెట్టుకుని చేశాం.

కొత్త టైరు, కొత్త ట్యూబు వేసిన స్టెప్నీని మళ్ళీ ముందు ఫ్రేము మీదే బిగించాం. ఎందుకు ముందే అంటే, ట్రైలర్‌లో బరువు ఇరుసుకు కాస్త ముందు పక్క ఎక్కువగా ఉండాలి. అమెరికాలో యూ-హాల్ ట్రైలర్ బాడుగకు తీసుకున్న మనవాళ్ళకు తెలుసు, బరువులో 60 శాతం ముందు సగంలో పెట్టమని వాళ్ళు చెప్తారు. వెనక బరువు పెరిగితే వేగంలో ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది, లాగే బండిని కూడా ఊపేస్తుంది. అందుకే వెనక తలుపు దగ్గర స్టెప్నీ పెట్టడం రెండు విధాలా తప్పు.

చక్రాన్ని టైరు మీదుగా తాడుతో కట్టలేదు. రబ్బరు స్ప్రింగు లాంటిది. కుదుపుకు నొక్కుకుని లేస్తుంటే ఎంత గట్టి ముడైనా వదులవుతుంది. అందుకని రిమ్ము రంధ్రాల్లోంచి, ఇరుసుకు చక్రం బిగించినట్టే, నాలుగు బోల్టులూ బిగించాం. పైన రిమ్ములోంచి ఒక గొలుసు, తాళం. గొలుసు దొంగల కోసమే కాదు, ఒకవేళ బోల్టులు వదులైనా చక్రం రోడ్డున పడకుండా ఆపడానికి కూడా. ఎప్పుడైనా దూర ప్రయాణానికి రెండో స్టెప్నీ తీసుకెళ్తే, దాన్ని ట్రైలర్ లోపల ముందు గోడకు ఆనించి పడుకోబెట్టి, రిమ్ములోంచి రాచెట్ బెల్టు తీసి, నేలకున్న కొక్కేలకు రెండు వైపులా లాగి కట్టాలి. బయల్దేరిన పది ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగి బెల్టు మళ్ళీ బిగించాలి.

ట్రైలర్ నట్లకు సరిపోయే స్పానర్, జాకీ, జాకీ కింద పెట్టే చెక్క, చక్రాలకు అడ్డం పెట్టే రెండు దిమ్మలు, ఎర్ర త్రికోణం, ఇవన్నీ ఒక డబ్బాలో బొలెరోలోనే ఉంటాయి, సామాను కింద కాదు. చక్రం మార్చేటప్పుడు ట్రైలర్‌ను బొలెరో నుంచి విప్పకూడదు. మార్చాక యాభై కిలోమీటర్లు పోయి నట్లు ఇంకోసారి బిగించాలి. స్టెప్నీ గాలి ప్రతి నెలా మొదటి ఆదివారం చూస్తాం. ఊరికే ఉన్నా నెలకు ఒకటి రెండు పాయింట్లు తగ్గుతుంది. తాళం చెవులు రెండు: ఒకటి బొలెరో తాళాల గుత్తిలో, ఇంకోటి కోశాధికారి గారి దగ్గర.

షెడ్డులో ఇకపై అదనంగా ఒక్క టైరే ఉంటుంది, కప్పు కింద, నేలకు ఎత్తుగా, జనరేటర్‌కు దూరంగా. రిమ్ము ఉన్నది పడుకోబెట్టి, రిమ్ము లేనిది నిలబెట్టి. మీ ఇళ్ళల్లో మిద్దె మీద, మెట్ల కింద పాత టైర్లు ఉంటే ఈ వారమే వంచి చూడండి.

చివరగా లెక్క. జనవరి ఖర్చుల్లో "ఇతర ఖర్చులు 1,800" అన్న వరుస కొట్టేసి, "మన ట్రైలర్ నుంచి ఊడిన చక్రం వల్ల కొబ్బరి బోండాల బండికి జరిగిన నష్టం 1,800" అని రాయించాం. ఆ డబ్బు మేము నలుగురం తలా 450 వేసి సంఘానికి కట్టేశాం. రసీదు ఫోటో కింద పెడుతున్నాం. ఏప్రిల్‌లో అడిగిన అక్కా, మీరు అడిగింది సరైన ప్రశ్న. నవ్వి దాటేసినందుకు క్షమించండి. ఇకమీదట ఎవరు లెక్క అడిగినా మేము నవ్వం.

వచ్చే ఆదివారం కార్తీక వనభోజనాలకు ట్రైలర్ పొద్దున ఆరుకు షెడ్డు దగ్గర బయల్దేరుతుంది. సామాను ఎక్కించడానికి వచ్చినవాళ్ళు, పెద్దలైనా పిల్లలైనా, ముందుకు వెళ్ళి స్టెప్నీని రెండు చేతులతో పట్టుకుని ఒకసారి ఊపి చూడండి. కదిలితే బండి ఆపించండి. స్టీరింగ్ దగ్గర అధ్యక్షులవారే కూర్చున్నా సరే.